బరి గీసేది ఎవరు?

పోటీ అనగానే బలం, మెళకువ, సాధన గుర్తుకు వచ్చినంత సులువుగా ఆ పోటీ జరిగే చోటు గుర్తుకు రాదు గానీ, తలపడే పక్షాలలో ఎవరి పాచిక పారాలో, చూడవచ్చిన జనంలో ఎందరు క్షేమంగా ఇల్లు చేరాలో చాలావరకు ముందే తేల్చిపెట్టేది ఆ చోటే. కబడ్డీ మట్టినేలను విడిచి మ్యాట్ మీదికి చేరినప్పుడు కూతకు వెళ్లేవాడి పాదానికి దొరికే పట్టు మారింది. దానితో పాటు ఎవరు మంచి ఆటగాడన్న అంచనా కూడా కొంత మారింది. ఏ బరిని పోటీకి అనుమతించాలి, దేనిని పక్కన పెట్టాలి అన్న వాదన ఇప్పుడు ఒకదానికొకటి ఏమాత్రం పరిచయం లేని రెండు లోకాలలో నడుస్తున్నది. ఒకటి కనుమ పండుగకు కోడెలు పరుగెత్తే చంద్రగిరి మండలపు పల్లె వీధి కాగా, రెండోది తెరమీద బొమ్మలు కొట్టుకునే ఫైటింగ్ గేమ్ టోర్నమెంటు. మొదటిచోట ప్రాణాలకే ముప్పు ఉన్నా బరిని గురించిన చర్చ ఏటా సంక్రాంతికి మొదలై కనుమ మరునాటికి చల్లారిపోతుండగా, ఎవరి ఒంటికీ గోటిగీత కూడా పడని రెండోచోట అదే చర్చ ఇరవై ఏళ్లుగా పట్టు విడవకుండా సాగి ఒక పద్ధతిగా స్థిరపడింది.

రంగంపేట వీధి

తిరుమల కొండలకు దిగువన, తిరుపతి నుంచి మదనపల్లె వెళ్లే దారిలో, చంద్రగిరి మండలంలో ఉన్న ఎ.రంగంపేట, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు జిల్లా గ్రామమే. చిత్తూరు సీమలో కనుమ అంటే ప్రధానంగా పశువుల పండుగ. అడవి నుంచి తెచ్చిన రకరకాల మూలికలను, మానుచెక్కలను ఎండబెట్టి, ఉప్పు చేర్చి దంచి, ‘ఉప్పుచెక్క’ అనే పేరుతో పశువులకు మందుగా తినిపించడం, పశుకాపరుల దైవమైన కాటమరాజును కొలవడం, ఊరి వెలుపల ఎండుకంపలతో పేర్చిన చిట్లాకుప్పకు నిప్పుపెట్టడం, కొమ్ములు చివ్వి రంగులు పూసి మెడలో మువ్వల పట్టెలు కట్టడం ఈ పండుగలో భాగాలు. ఆ వరుసలో చివరిదై, చూపరులను ఎక్కడెక్కడి నుంచో రప్పించేదిగా మారినది కోడెలను వీధిలోకి వదలే ఆట.

ఆట నియమం ఒక వాక్యంలో చెప్పదగినంత చిన్నది. కోడెగిత్త కొమ్ములకు చెక్క పలకలు కట్టి, వాటిమీద దేవుళ్లవో, సినిమా నటులవో, నాయకులవో బొమ్మలు అంటించి, డప్పుల మోత మధ్య వీధిలోకి తోలుతారు. వీధికి ఇరువైపులా కాచుకొని ఉన్న యువకులు ఆ పలకను ఊడలాగాలి. పలక దక్కించుకున్నవాడికి అది పరువు, పలక పోకుండా కోడె వీధి దాటితే దాని యజమానికి అది పరువు. ఇందులో టికెట్టు లేదు, న్యాయనిర్ణేత లేడు, గంట కొట్టి ఆట మొదలుపెట్టేవాడూ ఆపేవాడూ లేరు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఇందులో గీత లేదు. తమిళనాట జల్లికట్టు ‘వాడివాసల్’ అనే ఇరుకైన ద్వారం దగ్గర మొదలవుతుంది. ఎద్దు ఒక్కటొక్కటిగా ఆ ద్వారంలోంచి బయటికి రావాలి, పట్టేవాళ్లు దాని ఎదుట ఒక పరిమిత స్థలంలో మాత్రమే ఉండాలి, చూసేవాళ్లు కంచె అవతల ఉండాలి. చంద్రగిరి పద్ధతిలో కోడెలు గుంపులుగా వస్తాయి, ద్వారమంటూ ఉండదు, వీధే బరి. ఇంటి అరుగుమీద నిలబడి చూస్తున్న వృద్ధుడు, గోడకు ఆనుకొని సెల్‌ఫోన్లో చిత్రీకరిస్తున్న పరాయి ఊరి కుర్రవాడు, పలక కోసం దూకబోతున్న ఆటగాడు ముగ్గురూ కోడెకు ఒకే దూరంలో ఉంటారు, వారిలో ఎవరు ఆడుతున్నారో ఎవరు చూస్తున్నారో కోడెకు తెలిసే వీలు లేదు. పల్లె వీధులు చాలావరకు సిమెంటు రోడ్లయిన తర్వాత గిట్టకు పట్టు దొరకడం కూడా తగ్గింది, కనుక జారిపడే ప్రమాదం మనిషికి ఎంతో పశువుకూ అంతే. ఏటా గాయపడినవారి వార్తలు వస్తాయి, ఏటా పోలీసుల ముందస్తు హెచ్చరికలూ వస్తాయి, ఏటా జనమూ వస్తారు.

తెరమీది బరి

ఈ వీధి నుంచి ఒక్కసారిగా వీడియో గేమ్‌కు మళ్లడం చోద్యంగా తోచవచ్చు గానీ, బరిని గురించి ఇంత నిశితంగా ఆలోచించిన ఆటసమాజం మరొకటి దొరకడం కష్టం. ఇద్దరు ఆటగాళ్లు చెరొక పాత్రను ఎంచుకొని ఎదురెదురుగా తలపడే ఆటలను ఫైటింగ్ గేమ్స్ అంటారు. 1990లలో పట్టణాల వీడియో గేమ్ పార్లర్లలో పెరిగిన తరానికి ‘స్ట్రీట్ ఫైటర్’ గుర్తుండే ఉంటుంది. ఆ ఆటలో పోరు జరిగే స్థలం, అంటే ‘స్టేజ్’, చాలావరకు వెనుక కట్టిన తెర వంటిదే తప్ప గెలుపోటములను మార్చదు. ‘టెక్కెన్’ వంటి ఆటలలో గోడలుంటాయి కాబట్టి ప్రత్యర్థిని గోడకు నెట్టి కొట్టడం ఒక విద్య అయింది. ‘సోల్ క్యాలిబర్’లో బరి అంచు దాటి పడినవాడు ఎంత బలంతో ఉన్నా ఓడినట్టే.

స్టేజ్‌ల తగాదా ముదిరింది మాత్రం జపాను రూపకర్త మసాహిరో సకురాయ్ తీర్చిదిద్దిన ‘సూపర్ స్మాష్ బ్రదర్స్’ వరుసలో, అందునా నింటెండో సంస్థ 2001లో గేమ్‌క్యూబ్ యంత్రం కోసం విడుదల చేసిన ‘మెలీ’ అనే రెండో ఆటలో. ఇందులో దెబ్బ తిన్నకొద్దీ పాత్ర బలం తరగిపోదు. బదులుగా తర్వాతి దెబ్బకు మరింత దూరం ఎగిరిపడుతుంది, తెర హద్దులు దాటి ఎగిరిపోతే ఒక ప్రాణం పోతుంది. కాబట్టి నేల ఎంత వెడల్పు, హద్దు ఎంత దూరం, మధ్యలో నిలబడడానికి ఎన్ని అరుగులు అన్న లెక్కలే ప్రాణం ఉండడమా పోవడమా అన్నది తేలుస్తాయి.

మెలీలో 29 స్టేజ్‌లు ఉండగా, నేడు ఇద్దరి మధ్య జరిగే పెద్ద పోటీలలో సాధారణంగా అనుమతి ఉన్నవి 6 మాత్రమే: బ్యాటిల్‌ఫీల్డ్, ఫైనల్ డెస్టినేషన్, డ్రీమ్ ల్యాండ్, ఫౌంటెన్ ఆఫ్ డ్రీమ్స్, యోషీస్ స్టోరీ, పోకెమాన్ స్టేడియం. మిగిలినవన్నీ ఒక్క వేటుతో పోలేదు, ఒక్కొక్కటీ ఒక్కో కారణంతో, కొన్నయితే ఏళ్ల తరబడి వాదన తర్వాత వైదొలగాయి. కార్నీరియాలో ఆకాశంలో తిరిగే యుద్ధవిమానాలు నడుమ కాల్పులు జరుపుతాయి, మ్యూట్ సిటీలో పందెపు కార్లు దూసుకొచ్చి ఇద్దరినీ గుద్దుతాయి, బ్రిన్‌స్టార్‌లో కింది నుంచి ఆమ్లం పొంగుతుంది, గ్రీన్ గ్రీన్స్‌లో పేలుడు దిమ్మెలు పైనుంచి రాలతాయి. ఇటువంటి చోట గెలిచినవాడు నేర్పుతో గెలిచాడా, అదృష్టం కలిసివచ్చి గెలిచాడా అన్న అనుమానం మిగిలిపోతుంది.

అయితే అదృష్టం ఒక్కటే నేరమనుకుంటే అసలు సంగతి అందదు. హైరూల్ టెంపుల్ అనే స్టేజ్‌లో బాంబులు లేవు, కార్లు లేవు, అంతా రాతి కట్టడం. అయినా తొలినాళ్లలోనే అది నిషిద్ధమైంది. దాని విస్తీర్ణం ఎంత ఎక్కువంటే, వేగంగా పరుగెత్తే పాత్రను ఎంచుకున్నవాడు ఒక దెబ్బ ముందంజలో ఉంటే చాలు, గోడల చుట్టూ గుండ్రంగా తిరుగుతూ గడియారం పూర్తయ్యేదాకా ప్రత్యర్థికి చిక్కకుండా ఉండగలడు. అంటే ఆ బరి పారిపోవడాన్ని గెలుపు మార్గంగా మార్చింది. తెర అంచు వరకు నేల సాగిపోయే స్టేజ్‌లదీ ఇదే కథ. అంచున నిలబడి వచ్చినవాడిని ఒక్కసారి పట్టి బయటికి విసిరేస్తే సరిపోతుంది కనుక, ఎవడు ముందు కదిలితే వాడే ఓడిపోతాడు.

నిషేధాలను వ్యతిరేకించేవారి వాదన కొట్టిపారవేయదగినది కాదు. ఆటను సృష్టించినవారు ఆమ్లాన్నీ విమానాలనూ కావాలనే పెట్టారు. వాటిని కనిపెట్టుకొని మసలుకోవడమూ నేర్పే. వాటిని తీసివేస్తే కొన్ని పాత్రలు లాభపడి మరికొన్ని మూలనపడతాయి. ఎప్పుడూ అవే ఆరు చోట్ల జరిగే పోరు చూసేవారికి విసుగు పుట్టిస్తుంది. వీటిలో చివరి రెండు మాటలు అక్షరాలా నిజం. పైగా, ఏ అడ్డంకీ లేని చదునైన స్టేజ్ కూడా తటస్థం కాదని ఆటగాళ్లే కనుగొన్నారు. అరుగులు లేని ఫైనల్ డెస్టినేషన్‌లో మార్త్ అనే కత్తివీరుడు ఫాక్స్ అనే వేగవంతుడిని ఒకసారి పట్టుకున్నాడంటే, ఆ ఫాక్స్ తప్పించుకొని నిలబడడానికి పైన అరుగే లేదు కాబట్టి, పైకి విసరడం, దిగగానే మళ్లీ పట్టడం, మళ్లీ విసరడం అనే వరుస ఆగకుండా సాగుతుంది. అందరికన్నా న్యాయంగా కనిపించే బరి ఒకరికి ఉరితాడు అయింది.

తటస్థమైన బరి లేదని తేలిన తర్వాత ఆ సమాజం చేసిన పని మెచ్చుకోదగినది: బరిని వెతకడం మానివేసి, బరిని ఎంచుకునే విధానాన్ని స్థిరపరచింది. పోరు మొదలయ్యే ముందు అయిదు స్టేజ్‌లు ఎదుట పెడతారు; మొదటి ఆటగాడు ఒకదాన్ని కొట్టివేస్తాడు, రెండోవాడు రెండింటిని కొట్టివేస్తాడు, మళ్లీ మొదటివాడు మిగిలిన రెండింటిలో ఒకదాన్ని కొట్టివేయగా మిగిలినదే బరి. తర్వాతి ఆటకు ఓడినవాడు స్టేజ్‌ను ఎంచుకునే హక్కు పొందుతాడు, గెలిచినవాడికి ఒకదాన్ని నిషేధించే హక్కు ఉంటుంది. ఈ నియమాలను రాసింది నింటెండో కాదు. పోటీలు నిర్వహించేవారు, ఆడేవారు కూర్చొని, ఓడినవారి ఫిర్యాదులు విని, రాసుకొని, తప్పనిపించినప్పుడు దిద్దుకున్నారు. 2018లో వచ్చిన ‘అల్టిమేట్’లో స్టేజ్‌లు నూరు దాటగా, నడుమ వచ్చే అపాయాలను ఆపివేసే మీట కూడా ఆటలోనే చేర్చారు. అయినా పోటీకి పనికివచ్చేవి ఏవన్న తగవు మాత్రం అక్కడితో ఆగలేదు.

చట్టంలోని స్థలం

కోడె వీడియో గేమ్ పాత్ర కాదు. పోటీకి అది ఒప్పుకున్నదీ లేదు, కాదనే దారీ దానికి లేదు. చట్టం పుట్టింది ఆ తేడా వల్లనే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ జంతువులను పోరుకు ఉసిగొల్పడంతో పాటు, జంతువుల పోరు కోసం ఒక స్థలాన్ని నిర్వహించడాన్నీ, అందుకు స్థలం ఇవ్వడాన్నీ, ప్రవేశానికి డబ్బు తీసుకోవడాన్నీ విడిగా నేరంగా పేర్కొన్నది. అంటే భారతీయ చట్టం దృష్టిలో కూడా బరి అనేది ఆటకు అనుబంధం కాదు, స్వతంత్రమైన నేరాంశం. 2011లో కేంద్రం ఎద్దులను ప్రదర్శనకు వాడరాని జంతువుల జాబితాలో చేర్చింది. 2014 మే 7న ఎ.నాగరాజ కేసులో సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండ్ల పందేలనూ నిషేధించింది. 2016 జనవరిలో కేంద్రం తెచ్చిన సడలింపులో, ద్వారం దాటిన ఎద్దును 15 మీటర్ల వ్యాసార్ధంలోనే నిలువరించాలన్న షరతు ఉన్నది. ఆ సడలింపును సుప్రీంకోర్టు రోజుల వ్యవధిలో నిలిపివేసింది గానీ, కొలత అనే ఆలోచన మాత్రం నిలిచింది. మరుసటి ఏడాది చెన్నై మెరీనా తీరంలో జల్లికట్టు కోసం జరిగిన ఉద్యమం తర్వాత, నాడు తమిళనాడు గవర్నరుగా అదనపు బాధ్యతలలో ఉన్న తెలుగువారు చెన్నమనేని విద్యాసాగరరావు 2017 జనవరి 21న జల్లికట్టును అనుమతించే ఆర్డినెన్సు జారీచేశారు. దాని వెంట వచ్చిన తమిళనాడు నియమాలు కలెక్టరు అనుమతి, పశువైద్య పరీక్ష, రెండు వరుసల కంచె, విడిగా ప్రేక్షకుల గ్యాలరీ తప్పనిసరి చేశాయి. ఎద్దు మూపురాన్ని మాత్రమే పట్టుకోవాలని, కొమ్మునూ తోకనూ తాకరాదని విధించాయి. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల చట్టసవరణలను సమర్థించింది.

ఆంధ్రప్రదేశ్ అటువంటి సవరణ చేయలేదు. కాబట్టి వేలూరు, తిరువళ్లూరు, కృష్ణగిరి జిల్లాలను ఆనుకొని ఉన్న ఈ సీమలో, సరిహద్దుకు అటువైపు కంచెల మధ్య చట్టబద్ధంగా జరిగే ఆటకు దగ్గరి చుట్టమైన ఆట ఇటువైపు కంచె లేకుండా, చట్టం నీడ లేకుండా జరుగుతున్నది. తమది జల్లికట్టు కాదనీ, తరాలుగా వస్తున్న పశువుల పండుగ అనీ గ్రామస్థులు చెప్పే మాటలో నిజం ఉన్నది, ఆ మాట కోడె కొమ్మును మొండిచేయదన్నదీ నిజమే.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. ఏ అధికారి అయినా రంగంపేట వీధిలో కంచె కట్టించినా, గ్యాలరీ వేయించినా, పశువైద్యుణ్ణి కూర్చోబెట్టినా, నిషిద్ధమైన ఆట జరుగుతున్నదని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టు అవుతుంది, పైగా ఆ స్థలాన్ని నిర్వహించినట్టూ అవుతుంది. ఏమీ చేయకపోతే హెచ్చరించినట్టు కాగితం మిగులుతుంది. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్న ఈ వ్యవహారం ఫలితంగా, ఎన్ని రకాల బరులు సాధ్యమో వాటన్నిటిలోకీ ప్రమాదకరమైనదే ఏటా తనంతట తానుగా ఎంపిక అవుతున్నది. నిషేధం ఆటను ఆపలేదు, గీతను మాత్రం ఆపింది.

నిషిద్ధమైన ఆటలన్నిటికీ ఇదే గతి పడుతుందనడానికి వీల్లేదు. గోదావరి జిల్లాల కోడిపందేలూ చట్టవిరుద్ధమే, అయినా అక్కడ సంక్రాంతికి కంచెలతో, గ్యాలరీలతో, ఫ్లడ్‌లైట్లతో బరులు వెలుస్తాయి. ఎందుకంటే అక్కడ పందెం డబ్బు ఉన్నది, ఆ డబ్బు చేతులు మారేచోట ఎవరు గెలిచారన్నదానిమీద తగాదా రాకూడదు కనుక నిర్వాహకులు గీతను గట్టిగా గీస్తారు. ఆ కంచె పందెపు సొమ్ము కోసం కట్టినదే తప్ప కోడి కోసం కాదు. స్మాష్ ఆటలో గీత గీసింది ఆటగాళ్లు, తమిళనాట ప్రభుత్వం, గోదావరి తీరాన జూదం. రంగంపేటలో డబ్బు లేదు, అనుమతి లేదు, సంఘం రాసుకున్న నియమం లేదు. గీయవలసిన చేతి కోసం వీధి ఖాళీగా ఉన్నది.

కట్టిన బరి చాలునా?

తమిళనాడు నమూనాను ఎత్తి తెచ్చి ఇక్కడ పెడితే సరిపోతుందన్న సూచన తరచుగా వినిపిస్తుంది. అది రెండు చోట్ల పొసగదు. మొదటిది, చంద్రగిరి ఆట ప్రాణమంతా కొమ్ముకు కట్టిన పలకలో ఉండగా, తమిళనాడు నియమం చేయి పెట్టవద్దన్నది ఆ కొమ్ము దగ్గరే. ఆ నియమాన్ని యథాతథంగా అమలుచేస్తే మిగిలేది తమిళనాట అలంగానల్లూరులో జరిగే జల్లికట్టుకు నకలు మాత్రమే. రెండోది స్థలానికి ఉన్న అర్థం. మదురై జిల్లా కీళక్కరై దగ్గర అరవై కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో కట్టి, మాజీ ముఖ్యమంత్రి కరుణానిధి స్మారకంగా 2024 జనవరి 24న ప్రారంభించిన జల్లికట్టు క్రీడాప్రాంగణం ఇంజనీరింగు పరంగా చక్కటి జవాబే. అయినా పొంగల్ నాళ్లలో అవనియాపురం, పాలమేడు, అలంగానల్లూరు గ్రామాలు తమ ఊళ్లలోనే ఆటను నడుపుకుంటున్నాయి. తాను పుట్టి పెరిగిన వీధిలో, తన ఇంటివారి ఎదుట కోడె తలెత్తుకొని నడవడం పండుగలో సగం కాబట్టి, దానిని పది మైళ్ల అవతలి స్టేడియానికి లారీలో తరలించడం ఆటను మిగిల్చి పండుగను తీసివేయడమే అవుతుంది. హైరూల్ టెంపుల్‌ను కొట్టివేసినవారు తమ ఆటకు అటువంటి మూల్యం చెల్లించవలసిన అవసరం రాలేదు.

కాబట్టి ఉన్న వీధులలో ఏవి పనికివస్తాయి, ఏవి పనికిరావు అన్న చిన్న ప్రశ్న నుంచి మొదలుపెట్టడమే మేలు. మొండిగోడతో ముగిసి కోడెకు బయటికి దారిలేని వీధి, ఇద్దరు మనుషులు కూడా పక్కకు తప్పుకోలేని సందు, ఇసుకో మట్టో పరచని సిమెంటు నేల, అరుగులమీద చూపరులకు అడ్డుకట్ట వేయలేని చోటు, వీటిని మొదటి విడతలోనే కొట్టివేయవచ్చు. గుంపులుగా వదలడం ఆగి ఒక్కొక్క కోడెగా వదలడం మొదలైతే, పలక ఆట పోకుండానే ప్రమాదంలో పెద్ద భాగం పోతుంది. బెదిరిన కోడెను ఆట నుంచి తప్పించే అధికారం పశువైద్యుడికి ఉండాలి. అది లేని కంచెలు, కొలతలు అన్నీ మనుషుల సౌకర్యానికే పరిమితమవుతాయి. ఈ జాబితాను సచివాలయంలో కూర్చొని రాయడం కన్నా, కోడెల యజమానులు, పలక పట్టే యువకులు, ఆ వీధిలో ఇళ్లున్న ఆడవాళ్లు, పశువైద్యులు కలిసి వీధి వెంట నడిచి రాయడం సరైన పని. ఆ నలుగురిలో ఇంతవరకు ఎవరూ అడగనిది ఆడవాళ్లను. ఆట రోజున తలుపు ఎంతసేపు మూసుకోవాలో, ఏ మలుపులో కోడె జారుతుందో ఎవరికన్నా బాగా తెలిసినది వారికే.

దానికి ముందు జరగవలసినది ఒకటి ఉన్నది, అది గ్రామస్థుల చేతిలో లేదు. రాష్ట్ర శాసనసభ తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల మాదిరి సవరణ తెచ్చి నియమాలతో అనుమతించాలి, లేదా ఉన్న నిషేధాన్ని ఎ.రంగంపేటలో కూడా నిషేధంగానే అమలుచేయాలి. రెండింటికీ సమర్థకులు ఉన్నారు, రెండూ గౌరవించదగిన వైఖరులే. గౌరవించరానిది ఇప్పుడు నడుస్తున్న మూడోది. చిత్తూరు, తిరుపతి జిల్లాల శాసనసభ్యులు వచ్చే సంక్రాంతి లోపల ఈ ప్రశ్నను సభలో లేవనెత్తాలి. అప్పటిదాకా చట్టం చేతిలో ఉన్న ఆయుధం 1960 నాటిదే: 11వ సెక్షన్ కింద మొదటి నేరానికి కనీస జరిమానా 10 రూపాయలు, గరిష్ఠం 50 రూపాయలు.